ప్రోనోటు బాకీకి లోక్ అదాలతా, సివిల్ దావానా?

ఖర్చు: దావాకు బాకీని బట్టి కోర్టు ఫీజు, పైన వకీలు ఫీజు. ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో ఫీజు లేదు; నడుస్తున్న దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు.

బలం: 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం లోక్ అదాలత్ అవార్డూ (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీయే, కట్టకపోతే ఈపీ (అమలు పిటిషన్) వేసుకోవచ్చు. కానీ అప్పీలు లేదు. అందుకే వాయిదా తేదీలు, ఒక్కటి తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు చూశాకే సంతకం పెట్టండి. తొందరపెట్టి సగానికి ఒప్పించడం న్యాయం కాదు; ఒప్పుకోకపోతే, గడువు దాటనంతవరకు దావా హక్కు ఎక్కడికీ పోదు.

ముప్పు: నోటుపై దావా వేసే గడువు 3 ఏళ్లే. బాకీదారు తిప్పుకుంటూ పోతే కాలదోషం పడుతుంది, అంటే గడువు దాటి దావా చెల్లదు. గడువులోపే కొంత కట్టించి, నోటు వెనుక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు.

అప్పు ఒప్పుకుని డబ్బుకే ఇబ్బందిపడే మనిషైతే లోక్ అదాలత్. సంతకమే తనది కాదన్నా, ఆస్తి అమ్ముకునేలా ఉన్నా వెంటనే దావా, అమ్మకం భయముంటే దాంతోపాటే తీర్పుకు ముందు జప్తు పిటిషన్.