లెనాక్స్ టార్టన్: వంశం గళ్ళా, ఊరి గళ్ళా?

స్కాట్లండ్‌లో లోమండ్ సరస్సు చుట్టూ ఉన్న సీమకు పాత పేరు లెనాక్స్. మెక్‌ఫార్లన్, బుకానన్, గాల్‌బ్రెయిత్ ఇంటిపేర్లకు ఆ నేలే పుట్టిల్లు. ఆ పేర్లవాళ్ళు కిల్ట్ (మగవాళ్ళు కట్టే మడతల లంగా) కుట్టించుకోవాలంటే వంశం టార్టన్ (రంగుల గళ్ళ గుడ్డ) తీసుకోవాలా, సీమ టార్టనా?

వంశం గళ్ళు అనాదిగా వస్తున్నాయని చాలామంది నమ్ముతారు. నిజానికి 1746 చట్టం హైలాండ్ (స్కాట్లండ్ కొండసీమ) మగవాళ్ళ వేషాన్ని నిషేధించింది, 1782 దాకా ఎత్తేయలేదు. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ మీ వంశం నమూనా పంపండని పెద్దలను అడిగితే, తమదేదో తెలియనివాళ్ళే ఎక్కువ. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వచ్చాక గిరాకీ పెరిగింది. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేతశాల నుంచి గుడ్డ తానులకు తానులు వెళ్ళింది. పేరుకో గళ్ళు అన్న పద్ధతి గట్టిపడింది ఆ రోజుల్లోనే.

ఊరి గళ్ళ ఆలోచన అంతకన్నా పాతది. ప్లెయిడ్ (ఒంటికి చుట్టుకునే గళ్ళ దుప్పటి) చూస్తే మనిషి ఏ చోటివాడో చెప్పవచ్చని రచయిత మార్టిన్ మార్టిన్ 1703లోనే రాశాడు. పడుగులో ఏ రంగులు ఏ వరసలో ఉంటే పేకలోనూ అదే వరస. స్థానిక నేతగాడి చేతి అలవాటు ఆ ఊరి గుర్తు కావడం నాకు సహజంగా తోస్తుంది.

అలాగని లెనాక్స్ టార్టన్ చరిత్ర కూడా పూర్తిగా నిక్కచ్చి కాదు. ఎరుపు మీద ఆకుపచ్చ, సన్నని తెల్లచారలతో ఉండే ఈ నమూనాను 1893లో డి. డబ్ల్యు. స్టూవర్ట్ అచ్చువేశాడు. 16వ శతాబ్దపు లెనాక్స్ ప్రభు కుటుంబపు స్త్రీ చిత్రపటం నకలు నుంచి తీసుకున్నదని, ఆమె స్కాట్లండ్ రాణి మేరీ భర్త డార్న్లీకి తల్లి అయిన మార్గరెట్ డగ్లస్ అని చెబుతారు. అసలు పటం మాత్రం దొరకలేదు.

అయినా నా ఓటు సీమ టార్టన్‌కే. ముఖ్యంగా ఏ వంశం జాబితాలోనూ పేరు లేక, తాతలు మాత్రం అక్కడివారే అయినవాళ్ళకు ఇదే నిజాయితీ గల ఎంపిక. బుకానన్‌ల సంగతి వేరు. రెండువైపులా ఒకేలా తిరగని వాళ్ళ గళ్ళు దూరం నుంచే ఆనవాలు పట్టేంత ప్రత్యేకం, వాటిని వదులుకోమనడం నా వల్ల కాదు. ఎవరు ఏది కట్టాలో చెప్పే చట్టమూ లేదు.

ఇక ఇంటిపేరే లెనాక్స్ అయినవాళ్ళకు ఈ తర్జనభర్జన అక్కర్లేదు. ఊరి పేరే ఇంటిపేరైన మన తెలుగు కుటుంబాల్లాగే వాళ్ళకూ రెండూ ఒకటే, కట్టే గళ్ళూ ఒకటే.