అమ్మ చేతిలో పది లక్షలు: పొలమా, ఫ్లాటా, పోస్టాఫీసా? పింఛనుకు ఏది మేలు?

"అమ్మకి కాస్త డబ్బొచ్చింది. ఎక్కడ పెడితే పింఛను పోకుండా ఉంటుంది?" ఈ మధ్య బంధువుల్లో ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు. మా ఇంట్లోనూ ఈ చర్చ అయింది. నాన్న పోయాక, ఆయనకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సామాజిక పింఛను అమ్మకు మారింది, నెలకు 4,000. ఆ తర్వాత కొన్నాళ్లకే ఊళ్లో ఖాళీ స్థలం అమ్మితే పది లక్షలు వచ్చాయి. తమ్ముడు అర ఎకరం మాగాణి కొందామన్నాడు. చెల్లెలు తగ్గిన డబ్బు తను వేసుకుంటానని, గుంటూరులో అమ్మ పేరున ఫ్లాట్ తీసుకుందామంది. నేను పోస్టాఫీసు అన్నాను.

చాలామందికి బ్యాంకులో డబ్బు కనిపిస్తే పింఛను తీసేస్తారని భయం. ఆంధ్రప్రదేశ్ పింఛను నిబంధనల్లో బ్యాంకు నిల్వకు పరిమితి లేదు. చూసేది ఆదాయం, భూమి, కారు, కరెంటు యూనిట్లు, పట్నంలో ఇల్లు, సర్కారు ఉద్యోగం, ఆదాయపు పన్ను. ఇవన్నీ తెలిసినవే. అందరూ మర్చిపోయేది ఒకటుంది. ఈ లెక్క అమ్మ ఒక్కదానిది కాదు, ఇంటి మొత్తానిది.

మాకు తెలిసొచ్చింది కారుతో. తమ్ముడికి పెళ్లయి పదేళ్లు, విజయవాడలో కాపురం. కానీ వాడి పేరు అమ్మ రైస్ కార్డులోనే ఉండిపోయింది. వాడు ఓ పాత కారు కొన్నాడు, అమ్మ పేరు అనర్హుల జాబితాలోకి ఎక్కింది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే మినహాయింపు ఉంది గానీ సొంత కారుకు లేదు. కార్డు విడగొట్టించి, సచివాలయంలో మ్యాపింగ్ (ఏ ఇంట్లో ఎవరెవరున్నారన్న నమోదు) మార్పించి, పింఛను మళ్లీ చేతికొచ్చేసరికి తాతలు దిగొచ్చారు. అమ్మ ఆ కారెక్కింది ఒక్కసారి, అదీ కంటి ఆసుపత్రికి. అందుకే ఎవరడిగినా ముందు డబ్బు సంగతి పక్కనపెట్టి, సచివాలయానికి వెళ్లి అమ్మతో పాటు ఎవరెవరి పేర్లున్నాయో చూసి రమ్మంటున్నాను. నిజంగా వేరే కాపురం ఉన్నవాళ్లు కాగితం మీదా వేరుపడాలి.

ఇక పొలం. మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10, రెండూ కలిపినా 10 దాటకూడదు. మాకు అసలు పొలమే లేదు కాబట్టి అర ఎకరంతో ఇబ్బంది లేదు. మా పెద్దమ్మకు అలా కాదు. ఆమెకున్న 2 ఎకరాల 60 సెంట్ల మాగాణికి ఇంకో అర ఎకరం కలిస్తే గీత దాటినట్టే. పీఎం కిసాన్ డబ్బులు కూడా వస్తాయి కదా అన్నాడు తమ్ముడు. రావు. వారసత్వంగా వస్తే తప్ప, 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరున పడ్డ భూమికి ఆ పథకం వర్తించదు.

కొందరు పింఛను కోసం ఉన్న పొలాన్ని కొడుకులకు రాసిచ్చేస్తున్నారు. ఇది మాత్రం నాకు అస్సలు నచ్చదు. పింఛను ఏడాదికి 48,000. దాని కోసం చేతిలో ఉన్న ఎకరాలు వదులుకుంటారా? తప్పక రాయాల్సి వస్తే, నన్ను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద, చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు.

ఫ్లాట్‌తో చిక్కు వైశాల్యం. పట్నంలో 1000 చదరపు అడుగుల లోపే ఉండాలి, రెండు పడగ్గదుల ఫ్లాట్లు చాలావరకు అది దాటేస్తాయి. పల్లెలో సొంతింటికి ఈ లెక్క లేదు. అమ్మ పల్లెలో ఉంటూ గుంటూరు ఫ్లాట్ ఏం చేసుకుంటుందన్నది వేరే ప్రశ్న.

పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం వడ్డీ 8.2 శాతం. పది లక్షలకు మూడు నెలలకోసారి 20,500, అంటే నెలకు 6,833. నిల్వ అడగకపోయినా వడ్డీ ఆదాయమే కదా. పల్లెలో ఇంటి ఆదాయం పరిమితి నెలకు 10,000, పట్నంలో 12,000. పదికి బదులు పదిహేను లక్షలు వేస్తే నెలకు 10,250 అయి పల్లె గీత దాటేస్తుంది. అక్కడితో ఆగదు, ఏడాది వడ్డీ లక్ష దాటితే పన్ను కోత మొదలవుతుంది, లేనిపోని టెన్షన్. పది లక్షలకైతే 82,000 దగ్గరే ఆగుతాం. అప్పటికే కౌలు డబ్బులో అద్దెలో వస్తున్నవాళ్లు వాటినీ కలిపి చూసుకోవాలి.

బంగారం గురించీ అడుగుతున్నారు. పింఛను లెక్కలోకి రాదు, నెలనెలా రూపాయి ఇవ్వదు. తెలంగాణ వాళ్లకు భూమి గీత వేరు, మాగాణి 3 ఎకరాలే గానీ మెట్ట ఏడున్నరే.

మేం పోస్టాఫీసులోనే వేశాం. మొదటి వడ్డీ పడ్డ రోజు అమ్మ పాస్‌బుక్‌ను రెండుసార్లు చదివించుకుంది. చెల్లెలు ఫ్లాట్ మాట ఇంకా వదల్లేదు. 980 అడుగులది ఒకటి చూసిందట, ఈసారి తన పేరునే.