పెద్ద ఎస్‌యూవీకి మైలేజీ: ఏదైనా బిగించడం మేలా, ఉన్నది తీసేయడం మేలా?

పెద్ద ఎస్‌యూవీ ఉన్నవాళ్ళని మైలేజీ ఎంతొస్తోందని అడిగితే చాలామంది మాట మార్చేస్తారు. ఏనుగుని తెచ్చుకున్నాక మేత లెక్కలెందుకు అన్నట్టు ఓ నవ్వు నవ్వుతారు. నిజానికి ఈ లెక్క చిన్న కారు కంటే పెద్ద బండికే ఎక్కువ కలిసొస్తుంది. లీటరుకి 20 కిలోమీటర్లిచ్చే చిన్న కారుని తంటాలు పడి 25కి తెచ్చారనుకోండి, వంద కిలోమీటర్లకి మిగిలేది ఒక్క లీటరు. లీటరుకి 8 ఇచ్చే ఎస్‌యూవీని 9కి తెస్తే వంద కిలోమీటర్లకి దాదాపు 1.4 లీటర్లు మిగులుతుంది. అక్కడ ఐదు పెంచినదాని కంటే ఇక్కడ ఒక్కటి పెంచడమే ఎక్కువ లాభం. లీటరుకి ఎక్కువ కిలోమీటర్లు పెరిగినచోటే ఎక్కువ ఇంధనం మిగులుతుందనిపించడం ఒట్టి భ్రమ. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో వివరించింది దీన్నే.

మరి ఆ ఒక్క కిలోమీటరు ఎక్కణ్ణుంచి తేవాలి? దారులు రెండు. డబ్బు పెట్టి బండికి ఏదో ఒకటి బిగించడం ఒకటి. బండి మీద ఉన్నవి తీసేసి, యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసుకోవడం రెండోది. మొదటిది సరదాగా ఉంటుంది, రెండోది కాస్త విసుగు పుట్టిస్తుంది. నా ఓటు రెండోదానికే, ఒక్క టైర్ల విషయంలో తప్ప.

ముందు కొనేవాటి సంగతి చూద్దాం. ఫ్యూయల్ పైపుకి తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో పోసే మైలేజీ మందులు, లోపలికెళ్ళే గాలిని సుడి తిప్పుతాయని చెప్పే రేకు ముక్కలు ఎప్పటి నుంచో అమ్ముడవుతున్నాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకి పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచిందంటూ ఒక్కటీ తేలలేదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలూ అంతే. మాన్యువల్‌లో అదే పోయమని ఉంటే పోయండి, లేకపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం పాత నమ్మకం ఒకటి ఇంకా వదల్లేదు. కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాతకాలపు పరికరం) రోజుల్లో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోల్ ఎక్కువ తాగేది నిజమే. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్ లోపలికొచ్చే గాలిని కొలిచి, దానికి తగ్గట్టే పెట్రోల్ చిమ్ముతుంది. కాబట్టి మురికి ఫిల్టర్‌తో పికప్ తగ్గుతుంది కానీ మైలేజీ పెద్దగా మారదు. డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే పట్టించుకోకుండా తిరిగేవాళ్ళున్నారు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ పాడైతే, ఆ ఒక్క రిపేరుతోనే మైలేజీ 40 శాతం దాకా మెరుగవ్వొచ్చు. ఇంజన్ ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే వాడితే ఒకటి రెండు శాతం కలిసొస్తుంది.

టైర్ల దగ్గర మాత్రం కొనడానికీ కొనకపోవడానికీ తేడా నిజంగా ఉంది. చూడ్డానికి గంభీరంగా ఉంటాయని లావు గళ్ళున్న ఆల్ టెర్రైన్ టైర్లు వేయించి, బురద మొహం చూడకుండా తార్రోడ్డు మీదే తిరిగే బండ్లు బోలెడు. ఆ టైర్లు బరువెక్కువ, దొర్లడానికి మొరాయిస్తాయి. పైగా అసలు సైజు కంటే పెద్దవి వేస్తే ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది, దాంతో మైలేజీ ఉన్నదానికంటే ఇంకా ఘోరంగా కనిపిస్తుంది. టైర్లు అరిగి ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు, తేలిగ్గా దొర్లే రోడ్డు టైర్లు ఎంచుకోవడం మేలు. బాగున్న టైర్లు పీకేసి కేవలం మైలేజీ కోసం కొత్తవి కొనడం మాత్రం దండగ.

గాలి కొట్టించడానికి అంత ఖర్చూ లేదు. నాలుగు టైర్లలో గాలి ఒక్కో పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గినకొద్దీ సుమారు 0.2 శాతం మైలేజీ పోతుంది. ఇది చిన్న సంఖ్యే, దీని కోసమే గాలి కొట్టించమని నేననను. టైరు ఎక్కువ కాలం మన్నుతుంది, బండి అదుపులో ఉంటుంది, మైలేజీ కొసరు. కొలత డ్రైవర్ డోర్ పక్క స్టిక్కర్ మీద చూడాలి. టైరు మీద అచ్చువేసి ఉండేది గరిష్ట పరిమితి, అంత కొట్టించకూడదు.

ఇక తీసేసేవాటిలో మొదటిది నెత్తి మీది టాప్ క్యారియర్. ఒక ప్రయాణం కోసం బిగించి, తర్వాత తీయడానికి బద్ధకించి నేనూ నెలల తరబడి అలాగే తిరిగాను. ఖాళీగా ఉంది కదా, బరువేముంది అనుకున్నాను. సమస్య బరువు కాదు, గాలి. పెద్ద పెట్టె ఒకటి పైన ఉంటే ఊళ్ళో తిరిగేటప్పుడు 2 నుంచి 8 శాతం, గంటకి 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో 10 నుంచి 25 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పెట్టె లేని ఉత్త క్యారియర్ పట్టాలకి అంత నష్టం లేకపోయినా, ఉంచడానికి కారణం అంటూ ఏదీ లేదు. అదే 45 కిలోల సామాను డిక్కీలో పెడితే పోయేది సుమారు ఒక శాతం. కాబట్టి సామాను వెనకా, పైనా రెండు చోట్లా పట్టేటట్టుంటే వెనకే సర్దండి.

అసలు కథంతా హైవే మీద గాలితోనే. రెండు టన్నులు దాటిన బండి గంటకి 50లో వెళ్తుంటే టైర్ల రాపిడిదే పైచేయి. 90కి వచ్చేసరికి ఎదురుగా గాలి అడ్డుకునే బలం దాన్ని మించిపోతుంది. అది వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కనుక 90 నుంచి 110కి వెళ్తే గాలి అడ్డుకునే బలం దాదాపు సగం పెరుగుతుంది. ఎత్తుగా, గోడలా ఉండే ముందుభాగంతో ఈ దెబ్బ ఎస్‌యూవీకి ఇంకా గట్టిగా తగులుతుంది. మరి సమయం? 200 కిలోమీటర్లు ఆపకుండా 90లో వెళ్తే 2 గంటల 13 నిమిషాలు, 110లో గంటా 49 నిమిషాలు. తేడా 24 నిమిషాలు. మధ్యలో ఒకసారి టీకి ఆగితే అది అక్కడే కరిగిపోతుంది. ఆ 24 నిమిషాలు నిజంగా అవసరమైన రోజు ఉంటుంది, కాదనను. రోజూ ఉండదు.

ఊళ్ళో తిరిగేటప్పుడు శత్రువు గాలి కాదు, బ్రేకు. 2,300 కిలోల బండిని 60 వేగానికి తీసుకెళ్ళి ఆపేస్తే, ఇంజన్ కోల్పోయే వేడితో సహా మోటుగా లెక్కేస్తే 40 మిల్లీలీటర్ల పెట్రోల్ బ్రేకు ప్యాడ్ల మీద ఆవిరైనట్టే. పాతికసార్లు ఆగితే లీటరు. దూరంగా ఎర్ర లైటు కనబడగానే కాలు తీసేసి, బండిని గేర్లోనే వదిలేయండి. ఇప్పటి ఇంజన్లు అలా దొర్లేటప్పుడు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్ వేస్తే మిగులుతుందన్న పాత అలవాటు ఇక్కడ తిరగబడింది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండడానికి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది, పైగా పల్లంలో అది ప్రమాదం.

ఏసీయా, అద్దాలు దించడమా అన్నది తెగని వాదన. నా తీర్పు: నెమ్మదిగా తిరిగేటప్పుడు అద్దాలు దించండి, హైవే ఎక్కాక ఎత్తి ఏసీ వేసుకోండి. ఎస్‌యూవీ ఆకారం ముందే మొద్దుగా ఉంటుంది కనుక అద్దాలు దించడం వల్ల నున్నటి సెడాన్‌కి జరిగినంత నష్టం దీనికి జరగదు. అసలు దెబ్బ ఎండలో నిలబెట్టిన బండిని ఎక్కి, చిన్న దూరానికి ఏసీ ఫుల్లుగా పెట్టినప్పుడు. ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోనివ్వండి. ఇంజన్ ఆపకుండా నిలబడి చల్లబరిస్తే పెద్ద ఇంజన్ గంటకి లీటరు నుంచి రెండు లీటర్లు తాగుతుంది.

పెట్టిన వేగాన్ని దానంతటదే నిలిపే క్రూజ్ కంట్రోల్ చదును రోడ్డు మీద కాలి కంటే మెరుగు. ఘాట్ రోడ్డులో కాలే మెరుగు, ఎందుకంటే ఎక్కేటప్పుడు వేగం కాస్త తగ్గనివ్వడం క్రూజ్ కంట్రోల్‌కి తెలియదు. ఫోర్ వీల్ డ్రైవ్ లీవర్ ఉన్న బండైతే పొడి రోడ్డు మీద టూ వీల్‌లోనే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

వీటిలో ఏది పనిచేసిందో డాష్‌బోర్డ్ సంఖ్య చూసి నమ్మకండి, అది చాలా బండ్లలో కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి, మళ్ళీ అదే పంపులో ఫుల్ చేయించినప్పుడు నడిచిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకుతో తేలదు, మూడు నాలుగు ట్యాంకుల సగటు చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేదంటే క్యారియర్ తీసినందుకు వచ్చిన మైలేజీ ఏదో మందు డబ్బా ఖాతాలో పడిపోతుంది.