చీజ్‌కేక్: ఫ్రిజ్‌లోంచి తీయగానే తినాలా, కాసేపు ఆగాలా?

చీజ్‌కేక్ తినేవాళ్లలో రెండు పార్టీలున్నాయి. ఫ్రిజ్ తలుపు తీసిన చేత్తోనే చాకు అందుకునేవాళ్లు ఒకరు, ముక్క కోసి ప్లేటులో పెట్టి కాసేపు ఓపిక పట్టేవాళ్లు ఇంకొకరు. ఓవెన్లోంచి దించగానే వేడివేడిగా తింటామనే మూడో జట్టు కూడా ఉంది గానీ, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. న్యూయార్క్ తరహాలో గుడ్లు వేసి బేక్ చేసిన చీజ్‌కేక్ అయితే 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య తింటేనే దాని రుచి తెలుస్తుంది. ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలి వదిలి ఉండాలి, గదిలోని వేడి ఇంకా ఎక్కకూడదు. కాకపోతే చీజ్‌కేక్ పేరుతో అమ్మేవన్నీ ఒక జాతివి కావు. ఒకదాన్ని గట్టిపడ్డ కొవ్వు, ఉడికిన గుడ్డు కలిసి నిలబెడతాయి, ఇంకోదాన్ని జెలటిన్ నిలబెడుతుంది, మరోదానికి గాలి బుడగలే ఆధారం. మన చేతిలో ఉన్నది వీటిలో ఏదో తెలియకుండా ఎంత చల్లగా తినాలో చెప్పలేం.

4 డిగ్రీలా, 14 డిగ్రీలా?

ఒకే కేకులోంచి రెండు ముక్కలు కోసి, ఒకటి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి, రెండోది బల్ల మీద ఉంచండి. కాసేపయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. చల్లటి ముక్క అంచులు పదునుగా ఉంటాయి, పైభాగం మెరుపు లేకుండా పాలిపోయినట్టుంటుంది. ఫోర్కు గుచ్చితే శుభ్రంగా దిగి, శుభ్రంగా పైకొస్తుంది. నోట్లో పెట్టుకుంటే మొదట చలి, తర్వాత కాస్త మైనంలా నాలుకకు అడ్డం పడే గట్టిదనం. అసలు రుచి మింగబోయే ముందు మొదలవుతుంది, అది తెలిసేసరికే ముద్ద గొంతు దిగిపోతుంది. బయట ఉంచిన ముక్క అలా కాదు. మొన దగ్గర కొంచెం మెత్తబడి ఉంటుంది, కోసిన వైపు సన్నటి నిగనిగ వస్తుంది, ఫోర్కుకు కాస్త అంటుకుంటుంది. దీని పులుపు ముందే తగులుతుంది, వెనకాలే వెనిల్లా వాసన, నిమ్మతొక్క తురుము వేసి ఉంటే అదీ తెలుస్తుంది.

దీనికంతా కారణం పాలకొవ్వు. చీజ్‌కేక్‌కు ముఖ్య సరుకు క్రీమ్ చీజ్ అనే మెత్తటి చీజ్. అమెరికా నిబంధనల ప్రకారం ఆ పేరు పెట్టి అమ్మాలంటే అందులో కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి. దాని మీద క్రీమో, సోర్ క్రీమో, అడుగున బిస్కెట్ పొడిలో కలిపిన వెన్నో ఉండనే ఉన్నాయి. ఈ కొవ్వు ఎలా ప్రవర్తిస్తుందో తెలుగు ఇళ్లలో కొత్తగా చెప్పక్కర్లేదు. డిసెంబరు పొద్దున నేతిగిన్నెలో స్పూను దిగదు, ఏప్రిల్‌లో అదే నెయ్యి నూనెలా జారుతుంది. పాలకొవ్వు ఒక్కసారిగా కరిగే పదార్థం కాదు, వేడి పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఫ్రిజ్ చలిలో చాలా భాగం గట్టిగానే ఉంటుంది, ఒంటి వేడికి వచ్చేసరికి పూర్తిగా కరిగిపోతుంది. మధ్యలో ఎక్కడో సగం గట్టిగా, సగం మెత్తగా ఉండే దశ ఒకటుంది. వెన్న బ్రెడ్డు మీద చక్కగా పరుచుకోవడం మొదలయ్యేది ఆ దశలోనే, చీజ్‌కేక్‌కు మంచి గడియ కూడా దాదాపు అదే.

తీపి లెక్క మాత్రం వేరు. నాలుక మీది రుచి కణాల్లో తీపిని పసిగట్టడానికి తోడ్పడే టీఆర్‌పీఎం5 అనే ద్వారం ఉంటుంది, చలికి అది మందగిస్తుంది, వేడికి చురుకవుతుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2005లో బయటపెట్టిన సంగతి ఇది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ తాగి చూసినవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. గడ్డగా ఉన్నప్పుడు సరిపోయిన తీపి, కరిగాక మొహం మొత్తేస్తుంది. కాబట్టి చీజ్‌కేక్ చలి తగ్గేకొద్దీ పులుపుతో పాటు తీపీ పెరుగుతుంది. ఇంట్లో పంచదార చూసి వేసుకున్న కేకుకు ఇది లాభమే. బయట కొన్నదాంట్లో పంచదార దండిగా ఉండి, పైన బ్లూబెర్రీ జామ్ కూడా పోసి ఉంటే, దాన్ని 8, 10 డిగ్రీల దగ్గరే తినేయడం మంచిది. ఎక్కువసేపు ఆగితే ఆ తీపి తట్టుకోలేం.

అడుగున ఉండే బిస్కెట్ పొరను చాలామంది పట్టించుకోరు. ఫ్రిజ్‌లో వెన్న బిగుసుకుని ఆ పొర రాయిలా ఉంటుంది. ఫోర్కుతో బలంగా నొక్కితే ముక్క ఎగిరి పక్కన పడుతుంది. 14 డిగ్రీలకు అది కరకరలాడుతూనే మాట వింటుంది. ఇంకా వేడెక్కితే వెన్న కరిగి, పొడి పొడిగా రాలిపోతుంది.

ఏ గది ఉష్ణోగ్రత?

అమెరికా, ఇంగ్లండు వంటపుస్తకాలు చూస్తే, తినడానికి అరగంట ముందు తీసి గది ఉష్ణోగ్రతలో ఉంచమని ఉంటుంది. ఆ పుస్తకం రాసిన మనిషి గది 20, 22 డిగ్రీలు. మే నెలలో విజయవాడ వంటింటి బల్ల మీద అరగంట ఉంచితే ముక్క మొన ముందు వాలుతుంది, తర్వాత నడుం జారుతుంది. నలభైకి దగ్గర పడిన గదిలో పాలకొవ్వుకు గట్టిగా ఉండే అవకాశమే లేదు. ఉడికిన గుడ్డు పట్టి ఉంచుతుంది కాబట్టి పూర్తిగా కూలిపోదు గానీ, నోటికి జిడ్డుగా తగులుతుంది.

అందుకని అరగంట అనే మాటను మనం అలాగే తీసుకోకూడదు. ఏసీ 24 దగ్గర పెట్టిన గదిలో కోసిన ముక్కకు 15, 20 నిమిషాలు చాలు. ఏసీ లేని వేసవి ఇంట్లో 7, 8 నిమిషాలకే చూసుకోవాలి. జనవరిలో హైదరాబాద్ రాత్రికైతే పుస్తకం చెప్పిన అరగంట సరిగ్గా సరిపోతుంది. న్యూజెర్సీలో హీటర్ వేసుకున్న ఇంట్లో ఉన్న మనవాళ్లకూ అదే లెక్క.

ఇంకో తకరారు విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లవాళ్లకు బాగా తెలుసు. ఉక్కపోత రోజున చల్లటి కేకు బయట పెడితే, రెండు నిమిషాల్లో పైన చెమట పడుతుంది. చిన్న చిన్న నీటి బొట్లు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి, పంచదారను కరిగించి జిగటగా చేస్తాయి. దీనికి విరుగుడు సులువే. ముక్కలు కోసి ప్లేటులో పెట్టాక, వాటికి తగలకుండా గిన్నె బోర్లించి ఉంచండి. బయటి తడిగాలి కేకు దాకా చేరదు, చెమట అంతగా పట్టదు. డబ్బాలో వచ్చిన కేకైతే చలి తగ్గేదాకా మూత తీయకపోతే సరి.

ఆగమన్నారు కదా అని మరీ ఆగకూడదు. గుడ్లు, పాలు, చీజ్ కలిసిన పదార్థం ఇది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ప్రకారం 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. ఇలాంటి వంటకాలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, చుట్టూ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకు పెద్ద చీజ్‌కేక్ తీసుకెళ్లి, పులిహోర పక్కన పెట్టి, భోజనాలూ ఫొటోలూ అంత్యాక్షరీ అయ్యాక కోసే ఇళ్లు డల్లాస్‌లో ఉన్నాయి, కూకట్‌పల్లిలోనూ ఉన్నాయి. పులిహోరకు చింతపండు కాపుంది, చీజ్‌కేక్‌కు అలాంటిదేం లేదు. అందరి చేతుల్లోంచి భోజనం ప్లేట్లు దిగుతున్నప్పుడు కేకు ఫ్రిజ్‌లోంచి తీస్తే, మాటల్లో పడి చేతులు కడుక్కొచ్చేసరికి అది తయారుగా ఉంటుంది.

కోయడం మాత్రం ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే. చాకును వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్క వేటుకు దింపి, మళ్లీ ముంచాలి. మొత్తం కేకును బయట పెట్టి మెత్తబడ్డాక కోద్దామనుకుంటే అంచు వేడెక్కిపోతుంది, నడిమి చల్లగానే ఉండిపోతుంది, చాకుకు సగం కేకు అంటుకొస్తుంది. విడి ముక్కయితే అన్ని వైపులా గాలి తగిలి సమంగా చలి వదులుతుంది. ఇంట్లో పుల్ల థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో గుచ్చి చూడొచ్చు. లేకపోతే ఫోర్కు అంచును మొన మీద ఆనించి వేలితో మెల్లగా నొక్కండి. బిస్కెట్ పొర దాకా ఆగకుండా దిగి, అక్కడ చిన్న అడ్డు తగిలితే తినొచ్చు. మధ్యలోనే ఆగిందంటే ఇంకా చలి ఉంది.

గది వేడికే పుట్టినవి

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం నుంచి వచ్చిన మాడు చీజ్‌కేక్‌కు పై లెక్కలు సరిపోవు. సాన్ సెబాస్టియన్ పాత పట్టణంలోని లా విన్యా బార్‌లో శాంటియాగో రివేరా 1990 ప్రాంతంలో తయారుచేసిన ఈ కేకుకు అడుగున బిస్కెట్ ఉండదు. మంట ఎక్కువ పెట్టి పైభాగం నల్లగా మాడనిస్తారు, నడిమి మాత్రం జారుగా ఉండగానే దించేస్తారు. అక్కడ కేకులు కాగితంతో సహా అరల్లో వరసగా పెట్టి ఉంటాయి, వడ్డించేది గది వేడిలోనే. అట్లాంటిక్ ఒడ్డు ఊరు, వేసవి కూడా మరీ మండిపోదు, కాబట్టి వాళ్లకు చెల్లింది. ఈ కేకును ఫ్రిజ్‌లో పెడితే దాని ప్రాణమైన ఆ జారుడు నడిమి బిగుసుకుపోయి, న్యూయార్క్ చీజ్‌కేక్‌కు చౌక నకలులా తయారవుతుంది. దీన్ని 18, 20 డిగ్రీల దగ్గర తినాలి. నిన్నటిది ఫ్రిజ్‌లో ఉంటే మామూలు చీజ్‌కేక్‌కు ఇచ్చిన సమయానికి రెట్టింపు ఇవ్వండి. హైదరాబాద్ కేఫ్‌లలో దీన్ని గాజు అరలోంచి తీసిన చల్లటి ముక్కగానే చేతిలో పెట్టేస్తారు. కాఫీ వచ్చేదాకా ముట్టుకోకుండా ఉండగలిగితే సగం మేలు.

వేడివేడిగా తినే జట్టుకు న్యాయం చేసే కేకు జపాన్‌ది. గుడ్డు తెల్లసొన నురగ తీసి కలిపే సూఫ్లే చీజ్‌కేక్ ఇది. ఒసాకాలో రికురో ఓజిసాన్ దుకాణంలో కేకులు ఓవెన్లోంచి రాగానే గంట కొడతారు. కదిపితే ఒళ్లంతా ఊగే ఆ కేకును వేడిగా తినడానికి కారణముంది. అందులో క్రీమ్ చీజ్ తక్కువ, గాలి ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు ఆ గాలి ఉబ్బి మెత్తటి దూదిలా ఉంటుంది, చల్లారితే కుంగి దిట్టంగా మారుతుంది. చల్లారాక కూడా బాగుంటుంది గానీ, అప్పుడది వేరే తినుబండారం.

ఇది చూసి న్యూయార్క్ తరహా కేకును కూడా వేడిగా కోస్తామంటే కుదరదు. ఓవెన్లోంచి దించేటప్పుడు దాని నడిమి 65, 70 డిగ్రీల దగ్గర ఇంకా వణుకుతూనే ఉంటుంది. కొవ్వంతా ద్రవం, అప్పుడు తింటే చీజ్ కంటే గుడ్డు వాసనే ముందు తగులుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. ఆ చలి చీజ్‌కేక్ తయారీలో భాగం, తినేటప్పటి చలి వేరే విషయం. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే ఫ్రిజ్ పార్టీకి అంత బలం వచ్చిందని నా అనుమానం.

ఓవెన్ ఎక్కనివి

మన ఊళ్లలో ఎగ్‌లెస్ అని అమ్మే చీజ్‌కేకుల్లో చాలావరకు బేక్ చేయనివే. వీటిలో చైనా గ్రాస్ వేసినది కాస్త మొండిది. అది కరగడానికి 85 డిగ్రీల వేడి కావాలి కాబట్టి మన ఎండకు లొంగదు, బయట ఉంచినా నిలబడుతుంది. జెలటిన్‌తో బిగించిన కేకు అంత గట్టిది కాదు. 30 డిగ్రీలు దాటితే జెలటిన్ సడలిపోతుంది, అంటే వేసవి గది వేడే దాని పాలిట ఓవెన్. మామూలుగా జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది కాబట్టి శాకాహారులు ఎగ్‌లెస్ అన్న మాటతో సరిపెట్టుకోకుండా దుకాణంలో అడగడం మంచిది. జెలటిన్ కేకుకు నా లెక్క 6 నుంచి 8 డిగ్రీలు, అంటే ప్లేటులో పెట్టిన ఐదు నిమిషాల్లో తినేయడం. ఇక్కడ ఫ్రిజ్ పార్టీదే గెలుపు.

గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగుతో, మిల్క్‌మెయిడ్ పోసి ఇళ్లలో చేసుకునేదానికీ చల్లదనమే మంచిది. పెరుగులో కొవ్వు క్రీమ్ చీజ్‌లో ఉన్నంత ఉండదు కాబట్టి, ఆగినందువల్ల పెద్దగా మెత్తబడేదేం లేదు. పైగా బయట ఉంచేకొద్దీ అడుగున నీరు ఊరి బిస్కెట్ పొర నానిపోతుంది.

ఫ్రీజర్‌లో పెట్టి ఐస్‌క్రీమ్‌లా కొరుక్కు తినే పిల్లల్ని ఆపక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది ఐస్‌క్రీమే. పెద్దవాళ్లు మిగిలిన ముక్కల్ని విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కావాల్సిన ముందురోజు రాత్రి కింది ఫ్రిజ్ అరలోకి మారిస్తే తెల్లారేసరికి చక్కగా కరుగుతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, పది సెకన్లకే అంచులు కరిగి మధ్యలో మంచు మిగులుతుంది.