జాగ్రత్త: గ్రాసియాలో ఆ నిప్పుల హోటల్‌లో చేప మాత్రం చెప్పకండి

పేరు రాయను. బార్సిలోనాలోని ఈ గ్రాసియా పేటలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. అద్దం వెనకాల మంట, బయట నిలబడి ఫోటోలు తీసుకునే జనం, అదే. మొబైల్ కాంగ్రెస్ (మొబైల్ కంపెనీల పెద్ద ప్రదర్శన) కోసం హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ మనవాళ్ళు దిగే రోజులు, కాల్చి తినే లావుపాటి ఉల్లికాడల్లాంటి కల్సోట్ల సీజన్ కూడా ఇదే. ఎవరో ఒకరు ఆ పొగ వాసన పట్టుకుని లోపలికి వెళ్తారు. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నా.

నలుగురికి బిల్లు 234.30 యూరోలు. వైన్ లేదు, స్వీట్ లేదు. ఇందులో చేప ఒక్కటే 139.40.

మెనూలో "నిప్పుల మీద రెమోల్" అని ఉంటుంది. స్పానిష్ మెనూల్లో రోదబాయో అంటారు, గుండ్రంగా బల్లపరుపుగా ఉండే సముద్రపు చేప. ఎదురుగా 8.50. దాని పక్కన కంటికి ఆనని అక్షరాల్లో "100 గ్రాములకి". చేప చెప్పగానే వెయిటర్ పచ్చి చేపని ట్రేలో పెట్టుకొచ్చి అటూ ఇటూ తిప్పి, మొప్పలు ఎత్తి ఎర్రగా ఉన్నాయని చూపించాడు. మంచి చేపే, అందులో అనుమానం లేదు. బరువెంత అంటే "నలుగురికీ సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. ఇది బరువు కాదు కదా. సరిగ్గా 12 నిమిషాలకి ఎముక లేని, తోలు లేని నాలుగు తెల్ల ముక్కలు వచ్చాయి, పైన వేయించిన వెల్లుల్లి, నూనె. బిల్లులో 1.640 కిలోలు.

ఇప్పుడు లెక్క చూడండి. కిలోన్నర దాటిన రెమోల్‌ని నిప్పుల మీద కోసి వండరు. మొత్తం చేపని తోలుతో, తలకాయతో తీగల బుట్టలో బిగించి, మంట పోయి బూడిద కమ్మిన బొగ్గు మీద పెడతారు. ఒక్కో వైపు తక్కువలో తక్కువ పది నిమిషాలు. మధ్యమధ్యలో నూనె, వెనిగర్ కలిపిన నీళ్ళు చిలకరిస్తారు. దించాక కాసేపు ఆగనివ్వాలి, అప్పుడు ఎముక నుంచి మాంసం తేలిగ్గా విడుతుంది. అన్నీ కలిపి ఎంత తొందరపడ్డా 25 నిమిషాలకి తక్కువ కాదు. తీగల గుర్తులు తోలు మీద పడతాయి, రెక్కల అంచున జిగురు ఊరుతుంది. వచ్చిన ముక్కల మీద ఒక్క గుర్తు లేదు. అవి పెనం మీద కాల్చిన ఫిల్లెట్లు. చూపించిన చేప మరో టేబుల్‌కి చూపించడానికి మళ్ళీ ఐస్‌లోకి వెళ్ళిందనే నా నమ్మకం.

బరువు వైపు నుంచి చూసినా అంతే. రెమోల్‌లో తల, పేగులు, ఎముకలు పోగా తినే మాంసం నలభై శాతం అటూ ఇటూ. 1.640 కిలోలకి 650 గ్రాములు రావాలి. ఆ నాలుగు ముక్కలూ కలిపి 400 దాటవు.

తలకాయ ఏది అని అడిగితే వెయిటర్ నవ్వాడు. "మీకు శ్రమ లేకుండా లోపలే తీసేశాం, తలకాయ ఎవరూ తినరు" అన్నాడు. తలకాయ ఎవరూ తినరట! గోదావరి జిల్లాల వాళ్ళు కూర్చున్న బల్ల దగ్గర అనాల్సిన మాటేనా? మనల్ని వదిలెయ్యండి, రెమోల్‌లో బుగ్గ మాంసం, రెక్కల దగ్గర జిగురు కోసమే కదా ఇక్కడివాళ్ళు కూడా ఎముకలు చేత్తో పట్టుకుని చీకేది. మంచి హోటల్‌లో అయితే చేపని మీ ముందే విడదీసి, అస్థిపంజరం కూడా పళ్ళెంలో పెడతారు. పోనీ ఎముకలైనా తెచ్చి చూపించండి అంటే చెత్తలో వేసేశారట. తూకం చీటీ అడిగితే మేనేజర్ వచ్చాడు. "ఇది రెస్టారెంట్, చేపల మార్కెట్ కాదు" అన్నాడు, పక్క బల్లలకి వినిపించేలా. గ్రాముల లెక్కన అమ్మేటప్పుడు మార్కెట్, తూకం అడిగితే రెస్టారెంట్!

అద్దం వెనకాల మంట సంగతి కూడా చెప్పాలి. ఎగిసిపడే మంట మీద మాంసం గానీ చేప గానీ వండరు. మసి పట్టి చేదెక్కుతుంది. వండేది నిప్పుల మీద. ఇక్కడ వాడే ఓక్ (సింధూర) జాతి కర్ర బొగ్గు, ఆల్సినా అంటారు, అది పూర్తిగా తెల్లబడటానికి అరగంట పైనే కావాలి. తర్వాత ఆ నిప్పుల్ని పక్కకి లాగి, జాలీని చక్రంతో పైకీ కిందికీ జరుపుతూ వేడి సర్దుకుంటారు. ఆ అద్దం వెనకాల దుంగలు భగభగ మండుతున్నాయి, జాలీ ఖాళీ, వంట వెనక తలుపు నుంచి వస్తోంది. జోస్పర్ పొయ్యి ఉన్న చోట్లని నేను అనడం లేదు. అది 1969లో ఇక్కడే పినెదా దె మార్ అనే ఊళ్ళో పుట్టింది, తలుపున్న బొగ్గు పొయ్యి, మంట బయటికి కనపడదు గానీ నిజాయితీ అయినదే.

కల్సోట్లూ అంతే.  వాల్స్ అనే ఊరి పేరుతో వీటికి 2002 నుంచి యూరోపియన్ గుర్తింపు ఉంది, తెల్ల భాగం 15 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలని కొలత కూడా ఉంది. వీటికి మాత్రం నిజంగా మంటే కావాలి, ఎండిన ద్రాక్ష కొమ్మల మంట. పైపొర నల్లగా బొగ్గయి, కొసల నుంచి రసం బుడగలు కక్కాక తీసి, న్యూస్ పేపర్‌లో చుట్టి పావుగంట పైన ఉంచుతారు. ఆ ఆవిరికే లోపల మెత్తబడేది. ఇంటి కప్పు పెంకు మీద పెట్టి తెస్తారు. కింద నల్లపొర పట్టుకుని పైనుంచి పచ్చ ఆకు లాగితే తెల్ల కాడ జారి రావాలి. రాకుండా పొర తోలులా అతుక్కుంటే, పొద్దున కాల్చి రాత్రికి వేడి చేసినవని అర్థం. అక్కడ అవే ఇచ్చారు, మధ్యలో చల్లగా, పీచు పీచుగా. ప్లేటు 14 యూరోలు. సాస్ కూడా చూడండి. న్యోరా మిరపకాయ, బాదం, హేజల్‌నట్, కాల్చిన టమాటా, వెల్లుల్లి రుబ్బితే రవ్వరవ్వగా ఇటుక రంగులో ఉంటుంది. నున్నగా గులాబీ రంగులో వస్తే డబ్బాలోది. నట్స్ పడనివాళ్ళు అసలు ముట్టుకోవద్దు.

శాకాహారులకి ఒక్క మాట. ఎస్కలివాడా అంటే నిప్పుల్లో కాల్చిన వంకాయ, ఎర్ర క్యాప్సికమ్, ఉల్లి. మన కాల్చిన వంకాయ పచ్చడికి ఎలాగో దీనికీ అలాగే, తోలు ఒలిచాక నీళ్ళతో కడగకూడదు, కడిగితే పొగ వాసన పోతుంది. కడిగేసిందే పెట్టారు, అదలా ఉంచండి. దాని మీద ఆంచోవీ చేపలు వేసి తేవడం ఇక్కడ మామూలు, "మాంసం వద్దు" అంటే చేప వద్దని వాళ్ళకి అర్థం కాదు. తెల్ల చిక్కుడు గింజలు, మొంజెతెస్, చూడ్డానికి అమాయకంగా ఉంటాయి గానీ చాలాచోట్ల పంది సాసేజ్ వేగిన కొవ్వులోనే వేయిస్తారు. విడిగా అడగాల్సిందే. మాంసానికీ కూరగాయలకీ జాలీ ఒకటేనా అని కూడా అడగండి, దాదాపు ఎప్పుడూ ఒకటే.

మిగతాది చిల్లర దోపిడీ. అడక్కుండానే నాలుగు టమాటా రొట్టెలు, ఒక్కొక్కటి 3.20. కొళాయి నీళ్ళు అడిగితే "లేవు" అని సీసాలు, ఒక్కోటి 3.90. 2022లో వచ్చిన 7వ నంబరు చట్టం ప్రకారం స్పెయిన్‌లో ఏ హోటలైనా అడిగితే కొళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాల్సిందే. బార్సిలోనా నీళ్ళ రుచి గొప్పేం కాదు, అది వేరే సంగతి. ఇక బిల్లు చివర 213 మీద 10 శాతం పన్ను విడిగా, 21.30. ఇక్కడ మెనూలో వేసే ధరలోనే పన్ను కలిసి ఉండాలి, తర్వాత కలపడానికి వీల్లేదు. ఈ మాట ఎత్తగానే మేనేజర్ గొంతు కాస్త తగ్గింది, బిల్లు మాత్రం తగ్గలేదు.

ఫిర్యాదు పత్రం ప్రతి హోటల్‌లోనూ ఉండి తీరాలి. "ఫుల్ దె రెక్లమాసియో" అని అడగండి. లేదంటే గ్వార్దియా ఉర్బానాని, అంటే నగర పోలీసుల్ని, పిలుస్తామని చెప్పండి, సొరుగులోంచి వెంటనే ఊడిపడుతుంది, ఇక్కడా అలాగే ఊడిపడింది. బిల్లు కార్డుతో కట్టేసి, చేప బరువు, వచ్చిన సమయం, పన్ను సంగతి అందులోనే రాయండి, మీ ప్రతి తీసుకోండి. నెలలోగా జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఈ ప్రాంతపు (కతలాన్) వినియోగదారుల ఏజెన్సీకి పంపడమే. సమాచారం కావాలంటే 012కి ఫోన్ చెయ్యండి.

అంతకుముందే చెయ్యాల్సింది: బరువు మీద అమ్మేది ఏదైనా సరే, "క్వాంతో పెసా?" (బరువెంత?) అని అడిగి, మొత్తం ధర యూరోల్లో చెప్పించుకుని ఆర్డర్ ఇవ్వండి. చూపించిన చేపని ఫోటో తీయండి. తలకాయతో సహా బల్ల దగ్గరే విడదీయమనండి. కల్సోట్లే కావాలంటే ఈ సందుల్లో వద్దు, వాల్స్ చుట్టుపక్కల పల్లె హోటళ్ళకి వెళ్ళండి, ఏప్రిల్ దాకా ఉంటాయి. శని, ఆదివారాలకి ముందే బుక్ చెయ్యాలి. తెల్ల చొక్కా వద్దు.