రాగి మీద అల్లాలా, ఉప్పు మీద అల్లాలా?

ఎమ్మెస్సీ అయి పీహెచ్‌డీకి అప్లికేషన్లు పెడుతున్న అమలాపురం కుర్రాడొకడు మొన్న అడిగాడు: "మాస్టారూ, లోహ పరమాణువుల్నీ కర్బన అణువుల్నీ కలిపి వలలు అల్లి, వాటిలో ఎలక్ట్రాన్ల తీరు చూసే పనండి. ఒక ల్యాబ్‌లో నేరుగా రాగి మీద అల్లుతారంట, ఇంకో చోట ఉప్పు పొర మీదంట. ఏది మేలంటారు?"

అల్లడం వరకే అయితే రాగిని మించింది లేదు. రాగి ముఖం మీద మెట్లలాంటి అంచులుంటాయి. కాస్త వెచ్చగా ఉంటే చాలు, అక్కడి పరమాణువులు వాటంతటవే ఊడొచ్చి పైన తిరుగుతుంటాయి. డైసయానోఆంత్రసిన్ అనే కర్బన పదార్థం ఆవిరిని దాని మీదికి వదిలితే, ఆ అణువు రెండు కొసల్లోని నైట్రోజన్లు వాటిని పట్టుకుంటాయి. ఒక్కో రాగికి మూడేసి అణువులు, అంతే, వల తయారు. విడిగా లోహం తెచ్చి పోయక్కర్లేదు. గాలితో, తేమతో తంటా మాత్రం ఏ దారిలోనైనా ఒకటే (మన కోనసీమ తేమైతే చెప్పనే అక్కర్లేదు). పని జరిగే వాక్యూమ్ ఛాంబర్‌ని బాగా వేడిచేసి తేమను తరిమి, లోపలి పీడనాన్ని 10⁻¹⁰ మిల్లీబార్ దాకా దించితేనే ఉపరితలం కొన్ని గంటలు శుభ్రంగా ఉంటుంది.

చిక్కంతా కొలత దగ్గర. 1981లో బిన్నిగ్, రోరర్ తయారుచేసిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపులో సూది వోల్టేజీ మారుస్తూ కరెంటు ఎలా మారుతోందో చూస్తే, ఏ శక్తి దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్ స్థాయిలున్నాయో తెలుస్తుంది. వల నేరుగా రాగి మీదుంటే రాగి ఎలక్ట్రాన్లూ ఆ లెక్కలో దూరిపోతాయి. మండపేటలో రైసుమిల్లు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే.

అందుకే మధ్యలో అడ్డంగా కరెంటు సులువుగా పోనివ్వని ఉప్పు పొర వేస్తారు. ఉప్పంటే అచ్చంగా సోడియం క్లోరైడే, రెండు పొరలు. మందం పెరిగితే కరెంటే రాదు. 2005లో దాని మీద పెంటసీన్ అనే కర్బన అణువు ఆర్బిటాళ్లను (ఎలక్ట్రాన్లు ఉండే చోట్ల ఆకారాలను) పాఠ్యపుస్తకంలో గీసినంత స్పష్టంగా చూపించారు. కానీ ఒంటరి అణువు వేరు, వల వేరు. ఉప్పు మీద పట్టు తక్కువ. వేడిచేస్తే జతకట్టేలోపే అణువులు ఎగిరిపోతాయి, లోహమేమో ముద్దకడుతుంది.

నా ఓటు మూడోదానికి: రాగి మీద ఒకే పరమాణువు మందాన పెంచిన బోరాన్ నైట్రైడ్. ఇదీ ఉప్పులాగే కరెంటుకి అడ్డుపడే పొరే. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో ప్రచురించిన పనిలో ఇదే డైసయానోఆంత్రసిన్-రాగి వలను దాని మీద అల్లి, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల కరెంటు పోనివ్వకుండా తయారయ్యే స్థితిని, అంటే మాట్ ఇన్సులేటర్‌ని చూశారు. సూది విద్యుత్ క్షేత్రంతో దాన్ని లోహంగానూ మార్చగలిగారు. నేరుగా రాగి మీదైతే ఇన్సులేటర్‌లో ఉండే గ్యాప్ (ఎలక్ట్రాన్ స్థాయిలే లేని శక్తుల ఖాళీ) బయటపడటమే కష్టం.

కాబట్టి ల్యాబ్‌కి మెయిల్ పెట్టేటప్పుడు బోరాన్ నైట్రైడ్ పొర వాళ్లే పెంచుకుంటారా అని ముందే అడగండి. పెంచుకునే చోటైతే, రాగి మీద అల్లడం ఎలాగూ అక్కడే నేర్చుకోవచ్చు.