కొంగల బారు: పదేళ్లుగా చూస్తున్న ఒక డీవీడీ

‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ డీవీడీ నా దగ్గరకొచ్చి పదేళ్లు దాటింది. రష్యన్‌లో ‘లెత్యాత్ జురావ్లీ’, అంటే కొంగలు ఎగురుతున్నాయి అని. మిఖాయిల్ కలతోజోవ్ 1957లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా, 1958లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పామ్ దోర్ తెచ్చుకుంది. ఏడాదికొకసారైనా పెట్టుకుంటాను.

ముందు డిస్క్ సంగతి. డీవీడీ ఏ ప్రాంతం ప్లేయర్లలో ఆడాలో రీజియన్ నంబరుతో కట్టేస్తారు. ఆన్‌లైన్‌లో ఒక చిన్న షాపువాళ్లు రీజియన్ 1 డిస్క్ అంటగట్టారు. మనది రీజియన్ 5, ఇంట్లో ప్లేయర్ తీసుకోలేదు. (రష్యాదీ 5 నంబరే, ఏం ప్రయోజనం!) చివరికి లాప్‌టాప్ డ్రైవ్‌లో రీజియన్ మార్చి చూశాను. అలా ఐదుసార్లే మార్చనిస్తుంది, తర్వాత లాక్. ఇంకో చికాకు, సబ్‌టైటిల్స్ తెల్లగా ఉంటాయి. ఆకాశం మీద పడితే కళ్లు చికిలించాల్సిందే.

కథ చిన్నదే. మాస్కోలో వెరోనికా, బోరిస్ ప్రేమించుకుంటారు. 1941లో యుద్ధం రాగానే బోరిస్ తనంతట తానే సైన్యంలో చేరిపోతాడు. వెరోనికా అతని కజిన్ మార్క్‌ని చేసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ పిల్ల మీద నాకు ఒళ్లు మండింది. మూడు నాలుగేళ్లయ్యాక ఆ కోపం ఎటు పోయిందో తెలియదు.

ఒకసారి అమ్మతో కలిసి చూశాను. తనకి ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చుని నేనే చెబుతున్నాను. బాంబులు పడ్డాక వెరోనికా మండుతున్న మెట్లెక్కి ఇంటి తలుపు తీస్తుంది. లోపల ఇల్లు లేదు, అమ్మానాన్నలు లేరు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: “ఉండరా, గడియారం ఇంకా కొట్టుకుంటోంది.” అన్నిసార్లు చూసిన నేను ఆ టిక్‌టిక్ వినలేదు! సబ్‌టైటిల్స్ చదవడంలో పడి చెవులు మూసుకున్నానన్నమాట. ఇప్పుడు వాటిని ఆపేసే చూస్తున్నాను.

అలా చూస్తుంటేనే వెరోనికా పాడుకునే పిల్లల పాట కూడా చెవిన పడింది. ‘జురావ్లికి, కొరాబ్లికి’ అంటుంది. బుజ్జి కొంగలు, బుజ్జి ఓడలు. ఆ ప్రాస సబ్‌టైటిల్లో ఎక్కడొస్తుంది? కొంగల బారు పోతుంటే గోళ్లు చూపించి పూలు పెట్టమని అరిచిన మనకి మాత్రం వివరం అక్కర్లేదు.

కెమెరా ఉరుసెవ్‌స్కీది. మొదట్లో బోరిస్ ఆమె వెంట మెట్లెక్కుతుంటే కెమెరా కూడా చుట్టూ తిరుగుతూ పైకి లేస్తుంది. తర్వాత బోరిస్‌కి తూటా తగిలినప్పుడు బిర్చ్ చెట్లు గిర్రున తిరుగుతాయి, ఆ మెట్లే మళ్లీ కనబడతాయి, జరగని పెళ్లి కళ్లముందు జరుగుతుంది. ఇక్కడ మాత్రం రిమోట్ ముట్టుకోకండి. ఎలా తీశారో చూద్దామని ఓసారి ఆపి ఆపి చూశాను, ఆ రాత్రికి సినిమా చచ్చింది. వెరోనికాగా వేసిన తాత్యానా సమోయ్‌లోవా కళ్లు కనబడే క్లోజప్‌ల దగ్గర కావాలంటే ఆపుకోండి, ఏం పోదు.

నాకు నచ్చనిది ఒకటుంది. యుద్ధం వల్ల అందరూ తరలి వెళ్లిన సైబీరియాలో పుట్టినరోజు పార్టీ దగ్గర మార్క్‌ని మరీ పక్కా విలన్‌ని చేసేశారు. అంతకుముందు బాంబుల మధ్య పియానో వాయించినవాడు ఇంకాస్త చిక్కుముడి మనిషి.

నా డిస్క్ మీద గీతలు పడ్డాయి, స్టేషన్‌లో వెరోనికా పూలు పంచే చోట కాస్త ఆగి కదులుతుంది. బ్లూ-రే తీసుకోవాలి. ఈసారి రీజియన్ చూసుకుని మరీ. బ్లూ-రేలో మనది సి.